ఏం కావాలని వాణ్ణి అడగలేదు

మా మేనల్లుడి పదో పుట్టినరోజుకి నేను తుపాకీ కొన్నాను. జగదాంబ సెంటర్ దగ్గర బొమ్మల దుకాణంలో అరగంట నిలబడి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది ఏరాను. మీట నొక్కితే ఎర్ర లైటు వెలిగి టపటపా మోగుతుంది. పన్నెండు వందలు పోసి కొని, హైదరాబాదు రైల్లో రాత్రంతా తల దగ్గరే పెట్టుకుని తీసుకెళ్ళాను. యుద్ధాలంటే ప్రాణం పెట్టే పిల్లవాడికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

వాడు రంగుకాగితం చిరగకుండా విప్పాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ తుపాకీ మావయ్యా?"

"ఏకే 47," అన్నాను. షాపతను అలాగే చెప్పాడు.

"దాని మ్యాగజైన్ వంపు తిరిగి ఉంటుంది కదా. ఇది తిన్నగా ఉందేం?"

"బొమ్మేలేరా," అన్నాను.

నా మనసు నొచ్చుకుంటుందని కాబోలు, ఆ సాయంత్రమంతా దాన్ని పట్టుకునే తిరిగాడు. రాత్రి మంచం కింద పెట్టేశాడు. మళ్ళీ బయటికి తీయగా నేను చూడలేదు. ఆ వేళే నాకు తెలిసిరావలసింది. రాలేదు. తర్వాత రెండేళ్ళకి పైగా ఒకదాని మీద ఒకటిగా నేను చేసిన తెలివితక్కువ పనులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ఇలాంటి పిల్లవాడు ఉన్న ఇళ్ళు ఇంకా చాలా ఉండి ఉంటాయి.

వాడికి ఈ యుద్ధాల పిచ్చి గోల్కొండలో మొదలైంది. మా చెల్లెలు వాళ్ళు మెహదీపట్నంలో ఉంటారు, కోట దగ్గరే. బడి నుంచి తీసుకెళ్ళినప్పుడు అందరు పిల్లలూ గుమ్మటం కింద చప్పట్లు కొట్టి పైన బాలా హిస్సార్‌లో వినిపించిందో లేదో అని కేరింతలు కొట్టారట. వీడు ఒక్కడూ అక్కడి మనిషిని పట్టుకుని, ఔరంగజేబు 8 నెలలు ముట్టడి వేస్తే లోపలివాళ్ళు ఏం తిన్నారని అడిగాడట. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: మరి బయట ఉన్నవాళ్ళు ఏం తిన్నారు? ఈ రెండో ప్రశ్న విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1687లో కోట లోపల గాదెలు నిండుగా ఉన్నాయి. బయట మొఘలుల దండు వానల్లో నానుతూ, తిండి దొరక్క, రోగాలతో రాలిపోయింది. చివరికి కోట ఫిరంగులకి పడలేదు. లోపలి సేనాని ఒకడు లంచానికి లొంగి అర్ధరాత్రి తలుపు తీయించాడు. ఆ రాత్రి కోట పక్షాన నిలిచిన అబ్దుల్ రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలయ్యేదాకా పోరాడి పడిపోతే, అతనికి వైద్యం చేయమని ఔరంగజేబే తన వైద్యులని పంపాడు. శత్రువుకి వైద్యం ఎందుకు చేయించాడు మావయ్యా అని ఫోన్లో అడిగాడు వాడు. నేను ఆఫీసు కాగితాలు చూసుకుంటూ ఊఁ కొట్టాను. ఏం జవాబు చెప్పానో నాకే గుర్తు లేదు.

మా చెల్లెలికి దిగులు పట్టుకుంది. "ఎప్పుడు చూసినా యుద్ధాలే అన్నయ్యా. బొమ్మ వేయమంటే ముట్టడి బొమ్మ. అన్నం తింటూ ఎంతమంది చచ్చిపోయారని లెక్కలు. వీడు ఎలా తయారవుతాడో," అని ఒకటే గొడవ. తుపాకీ కొన్న మనిషినే కదా, నాకూ భయం వేసింది. వీడి మనసు మళ్ళించాలి అని నిశ్చయించుకున్నాను. ఏ జబ్బూ లేని పిల్లవాడికి మందు వేయడానికి బయల్దేరాను.

పదకొండో పుట్టినరోజుకి పంచతంత్రం పట్టుకెళ్ళాను. రంగుల బొమ్మలతో దిట్టమైన అట్ట పుస్తకం. కాకీ గుడ్లగూబా, సింహమూ ఎద్దూ, ఇవి చదువుకుంటే నీతి వస్తుంది, నెత్తురు వాసన పోతుంది అనుకున్నాను. రెండు రోజుల్లో చదివేసి, "దీంట్లో కూడా యుద్ధముంది మావయ్యా, కాకులకీ గుడ్లగూబలకీ. గూఢచారిని పంపి గుహకి నిప్పు పెట్టిస్తారు," అన్నాడు. నేను చదివిందే. చిన్నప్పుడు సంధి, విగ్రహం అని పాఠాలుగా బట్టీ పట్టిందే. అయినా ఆ పుస్తకం కొంటున్నప్పుడు గుర్తు రాలేదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మన పిల్లలకి యుద్ధాన్ని ఎవరో బయటివాళ్ళు నేర్పలేదు, మనమే నేర్పాం. అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం అని మా తాతగారు నాకు వేళ్ళ మీద లెక్క పెట్టించేవారు. బొబ్బిలి కథ బుర్రకథగా వింటూ తెల్లవార్లూ కూర్చున్న ఊళ్ళు మనవి. పలనాటి బాలచంద్రుడు బొంగరం ఆడుతుంటే అది వెళ్ళి ఒక పిల్ల కాలికి తగిలిందనీ, ఆ పిల్ల దెప్పిన మాటకే యుద్ధానికి బయల్దేరాడనీ చెప్పుకుంటాం. కారెంపూడిలో ఆ వీరుల ఆయుధాలకి ఈనాటికీ ఏటేటా పూజలు జరుగుతాయి. ఇంత విన్నాక పిల్లవాడు "తర్వాత ఏమైంది, ఎంతమంది పోయారు, నీకెలా తెలుసు" అని అడిగితే మనకి భయం పుడుతుంది. కథ చెప్పినంతసేపూ లేని భయం, ప్రశ్న వచ్చేసరికి ఎందుకొచ్చిందో నేను ఆలోచించుకోలేదు.

ఆ పుట్టినరోజు సాయంత్రమే వాణ్ణి కూర్చోబెట్టి అశోకుడి కథ చెప్పాను. కళింగ యుద్ధం, లక్షమంది చావు, చక్రవర్తికి పశ్చాత్తాపం, ఆయుధం వదిలేయడం, అన్నీ. గొంతులో బరువు కూడా తెచ్చుకున్నాను. వాడు శ్రద్ధగా విన్నాడు. అంతా అయ్యాక, "లక్షమంది అని ఎవరు లెక్కపెట్టారు మావయ్యా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మంచి మాట చెబుతుంటే అడ్డదిడ్డపు ప్రశ్నలేమిటని గట్టిగా కసిరాను. మా చెల్లెలు వంటింట్లోంచి తొంగి చూసింది. వాడు తల దించుకుని అక్కణ్ణుంచి లేచిపోయాడు. చరిత్ర చదివేవాళ్ళు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అది. పదకొండేళ్ళ పిల్లవాడు దాన్ని తనంతట తాను అడిగితే, మెచ్చుకోవలసిన చోట నేను నోరు మూయించాను. ఇన్ని తప్పుల్లోనూ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే అని చాలాకాలం అనుకున్నాను. ఇంకోటి ఉంది.

ఆ ఏడు దసరా సెలవులకి వాడు వైజాగ్ వచ్చాడు. మహారాణిపేటలో మా ఇల్లు. నడిచి బీచికి వెళ్ళిపోవచ్చు. మర్నాడు పొద్దున్నే ఆర్కే బీచిలో కుర్సురా చూపించడానికి తీసుకెళ్ళాను. ఇసుక మీదకి లాగి నిలబెట్టిన ఆ జలాంతర్గామిని దూరం నుంచి చూడగానే వాడు నా చెయ్యి వదిలేసి ఆగిపోయాడు. రోజూ ఆ దారినే పోయే నాకు, దాన్ని అంతసేపు నిలబడి చూడాలని ఒక్కనాడూ తోచలేదు.

వాడి కళ్ళలో ఆ వెలుగు చూసి ఇంకాస్త పెంచాలనిపించింది. "1971లో పాకిస్తాన్ వాళ్ళ ఘాజీని ముంచింది ఇదేరా," అన్నాను.

అది అబద్ధం. అబద్ధమని నాకు అప్పుడు తెలియదు. నిజమని కూడా తెలియదు. 2017లో వచ్చిన ఘాజీ సినిమా టీవీలో చూశాను. అందులో మన జలాంతర్గామి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీతో నీళ్ళ అడుగున తలపడుతుంది. మన బీచిలో ఒక జలాంతర్గామి ఉంది. రెండూ కలిపేసుకున్నాను. వైజాగ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, మేనమామని, తెలియదంటే చిన్నతనం అనిపించి, తెలిసినట్టు చెప్పేశాను.

లోపల చూపించేవాళ్ళు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. 22 టార్పెడోలు పట్టే ఆ ఇరుకులో దాదాపు 75 మంది ఎలా పడుకునేవారో, మంచినీళ్ళు ఎంత పొదుపుగా వాడుకునేవారో ఒకాయన చెబుతున్నారు. వీడు చెయ్యెత్తి, "అంకుల్, 1971 యుద్ధంలో కుర్సురా ఎక్కడుంది?" అని అడిగాడు. "అరేబియా సముద్రం వైపు గస్తీకి వెళ్ళింది బాబూ," అన్నారాయన. వాడు తల తిప్పి నావైపు ఒక్క క్షణం చూశాడు. ఏమీ అనలేదు. పదిమందిలో నా పరువు కాపాడాడు.

తర్వాత ఆయనే విడమరిచి చెప్పారు. ఘాజీ వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు తరలిపోయింది. అది ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఉత్తుత్తి వైర్‌లెస్ సందేశాలు పంపించారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరు విక్రాంత్ వేషం కట్టింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక వైజాగ్ రేవు బయట ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ విడిచిన డెప్త్ చార్జీల వల్లే అని మన నౌకాదళం అంటుంది. ఘాజీ పరుస్తున్న మందుపాతరే పేలిందనో, లోపలే పేలుడు జరిగిందనో పాకిస్తాన్ అంటుంది. 90 మందికి పైగా మనుషులు లోపలే ఉండిపోయారు. ఒక్కరూ బతకలేదు. "వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారా?" అన్నాడు మా వాడు, సముద్రం వైపు చూపించి. ఆయన ఔనన్నారు. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి మేడ మీద పక్కలు వేసుకున్నాం. వాడు తన లాంగ్ నోట్‌బుక్ తెచ్చాడు. అంతకుముందు నేను దాన్ని విప్పి చూసిందీ లేదు. పేజీకి ఎడమవైపు ఏం జరిగిందో, కుడివైపు ఆ మాట ఎవరు చెప్పారో. పుస్తకమైతే పుస్తకం పేరు, మనిషైతే మనిషి. పొద్దున బీచిలో నిలబడే రాసుకున్నట్టున్నాడు: "ఘాజీని ముంచింది కుర్సురా." ఎదురుగా: "మావయ్య."

స్కేలు పెట్టి ఆ వరుస మీద తిన్నగా గీత కొట్టాడు. "తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా మావయ్యా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు వాడు నన్ను ఏ యుద్ధం గురించీ అడగలేదు. ఫోను చేస్తే బాగున్నావా అంటే బాగున్నాను. పెద్దవాళ్ళం మనం పిల్లలకి బహుమతి అంటే దుకాణానికి పరిగెడతాం. వాడు ఇన్నేళ్ళుగా ఇస్తున్నది, అంటే అడగడం, నా మాట నమ్మి పేరు రాసుకోవడం, అది పోయాక గానీ దాని ఖరీదు నాకు తెలియలేదు.

పన్నెండో పుట్టినరోజు వేసవి సెలవుల్లో వచ్చింది. వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు మొదటిసారి అడిగాను: "నీకేం కావాలిరా?" అడగడానికి మూడు పుట్టినరోజులు పట్టింది నాకు.

వాడు వెంటనే చెప్పాడు. "పొడుగు టేపు కావాలి. తాపీమేస్త్రీల దగ్గర ఉంటుంది కదా, అలాంటిది."

పూర్ణా మార్కెట్ దగ్గర ఇనప సామాన్ల కొట్లో 30 మీటర్ల టేపు కొన్నాను. తుపాకీ ఖరీదులో మూడో వంతు లేదు. ఎందుకో అడిగితే, కుర్సురా పొడవు 91.3 మీటర్లని రాసుకున్నాననీ, 91 మీటర్లంటే ఎంతో తన కళ్ళకి తెలియడం లేదనీ చెప్పాడు. వీధిలో కొలుస్తానన్నాడు. ఎండ దిగాక ఇద్దరం మా గేటు దగ్గర మొదలుపెట్టాం. టేపు చివర నేను పట్టుకుని కూర్చున్నాను, వాడు సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోయాడు. టేపు మూడుసార్లు చాపి, ఆపైన 1.3. ఏడిళ్ళు దాటింది. "ఇంత పొడుగుంది, ఇందులో నిటారుగా నడవడానికి చోటు లేదు మావయ్యా," అన్నాడు. ఆ వీధిలో 20 ఏళ్ళుగా ఉంటూ నేను దాన్ని అలా చూడలేదు.

"ఘాజీ ఇంకా పెద్దది. 95 మీటర్లు," అని ఇంకో దాదాపు 4 మీటర్లు ముందుకి జరిగాడు. రెండో గీత సరిగ్గా వీధి చివరి పెంకుటింటి అరుగు ముందు పడింది. అరుగు మీద ఆ ఇంటి మామ్మగారు కూర్చుని ఉన్నారు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. పండగలకి నమస్కారం పెట్టడం తప్ప నేను ఆవిడతో మాట్లాడింది లేదు.

"ఏటి బాబూ కొలుస్తున్నారు? మళ్ళీ రోడ్డు తవ్వుతారేటి?" అన్నారు.

వాడు చెప్పాడు. జలాంతర్గామి, యుద్ధం, బాంబులు. బాంబులనగానే ఆవిడ, "బాంబులు నాకు తెలుసు. జపానోళ్ళు ఏసినప్పుడు నేనిక్కడే, ఒన్ టౌన్లో ఉన్నాను," అన్నారు.

వాడు టేపు చుట్టడం ఆపేశాడు. బీచి రోడ్డులో విశాఖ మ్యూజియంలో జపాన్ వాళ్ళు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు ఉంది. దసరా సెలవుల్లో దాని ముందు నుంచి కదలనివాడు. 1942 ఏప్రిల్ 6, సోమవారం, ఈస్టరు మర్నాడు. బంగాళాఖాతంలోకి వచ్చిన జపాను నౌకాదళంలో ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే వాళ్ళు ఈ సముద్రంలో 20కి పైగా సరుకు ఓడలు ముంచారు. రేవు తెరిచి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. ఓడల కార్ఖానాకి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాది నిండలేదు. ఇదంతా వాడి నోట్సులో ఉంది. లేనిది ఆవిడ దగ్గర ఉంది.

అప్పటికి ఆవిడకి ఎనిమిదేళ్ళు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోందట. వాళ్ళమ్మ గంజి వార్చకుండానే గిన్నె గుడ్డలో మూట కట్టిందట. ఊరు ఊరంతా తలుపులకి తాళాలు వేసి బయల్దేరిందట. ఎడ్లబండికి ఎంత అడిగితే అంత ఇచ్చారట. వాళ్ళకి బండి దొరక్క సింహాచలం వైపు నడిచారట. పాలిచ్చే ఆవుని విప్పి వదిలేసి వచ్చామని, తిరిగి వచ్చాక కనపడలేదని చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ఎనభై ఏళ్ళ కిందటి ఆవు.

వాడు అరుగు కింద మెట్టు మీద కూర్చుని రాసుకుంటున్నాడు. చివర్లో అడిగాడు: "మామ్మగారూ, మీరు విమానం చూశారా, చప్పుడే విన్నారా?"

ఆవిడ చాలాసేపు ఆలోచించారు. "చూసేననే చెప్పుకున్నాను బాబూ ఇన్నాళ్ళూ. నువ్వు అడిగితే గుర్తొస్తంది. నేను మంచం కింద దూరీసేను. చూసినోడు మా అన్నయ్య. నేను చప్పుడే ఇన్నాను."

వాడు కుడివైపు ఆవిడ పేరు రాసి, దాని కింద "విన్నారు" అని రాసి గీత గీశాడు. పక్కన "అన్నయ్య చూశారు (ఇప్పుడు లేరు)" అని రాసుకున్నాడు. ఆ మాట రాస్తున్నప్పుడు వాడి మొహంలో ఉన్న గౌరవం నేను మరచిపోలేను. ఆ గౌరవం ఆవిడకి దక్కింది, విమానం చూడలేదని ఒప్పుకున్నందుకు. ఏడిళ్ళ అవతల ఆవిడ కూర్చుని ఉండగా, ఈ పిల్లవాడికి ఏం ఇవ్వాలా అని నేను ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగాను.

ఆ రాత్రే, వాడికి నేను జవాబు బాకీ ఉన్న ప్రశ్న గుర్తొచ్చింది. లక్షమందిని ఎవరు లెక్కపెట్టారు? సెలవులయ్యి వాడు వెళ్ళిపోయాక వారం రోజులూ ఆఫీసు నుంచి రాగానే పుస్తకాలు ముందేసుకున్నాను. లక్షమంది చనిపోయారనీ, లక్షన్నర మందిని పట్టుకుపోయారనీ, అంతకు ఎన్నో రెట్లు ఆ తర్వాత పోయారనీ చెప్పింది అశోకుడే, తన 13వ శిలాశాసనంలో. అదే ఆధారం. లెక్క ఎవరు కట్టారో అందులో లేదు. ఇంకోటి తెలిసి చేతిలో పుస్తకం పక్కన పెట్టేశాను. కళింగలో ఉన్న ధౌళి, జౌగడ రాళ్ళ మీద ఆ శాసనం లేదు. యుద్ధంలో ఓడిపోయినవాళ్ళ నేల మీద ఆ పశ్చాత్తాపం చెక్కించలేదు, దాని బదులు వేరే శాసనాలు వేయించాడు. ఆ మాటలు ఉన్న రాళ్ళలో ఒకటి మన దగ్గరే ఉంది, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తి ఊరికి దగ్గర్లో. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కిన వింత శాసనం కూడా ఆ గుట్ట మీదే ఉందట.

ఫోను చేసి వాడితో చెప్పాను. ముందు, ఆ రోజు కసిరినందుకు నాది తప్పన్నాను. తర్వాత, ఎవరు లెక్కపెట్టారో నాకు తెలియదన్నాను. ఆ చివరి మాట అనడానికి గొంతు పెగల్చుకోవలసి వచ్చింది.

"ఎర్రగుడి వెళ్ళి చూద్దామా మావయ్యా?" అన్నాడు.

క్రిస్మస్ సెలవులకి హైదరాబాదు నుంచి గుత్తికి రెండు టికెట్లు తీశాను. టేపు వాడే తెస్తానన్నాడు.